బస్సు ఈడ ఆగుతది

జ్యోతినగర్ కాలనీ, చంపాపేట్,
12 జూన్ 2011

పూజ్యులైన వెంకటేశ్వరరావు అన్నయ్య గారికి, మీ వియ్యపురాలు యాదలక్ష్మి దండం పెట్టి రాయునది.

ఫోన్లో ఎంత అరిచినా మీ దగ్గర్నుంచి "ఆఁ? ఆఁ?" తప్ప ఇంకో మాట రాదాయె. నేనిక్కడ అరిస్తే నాలుగిళ్ళ అవతల ఉన్న వేదవతి బయటికొచ్చి, ఎవరితో కొట్లాట అని అడుగుతున్నది. అందుకే మీరు చెప్పినట్టు ఉత్తరమే రాస్తున్నా. "కార్పొరేటర్ అయ్యారు, సంతకం పెడితే సరిపోదు, నాలుగు ముక్కలు సొంతంగా రాయడం నేర్చుకోండి" అని చీరాల రైలెక్కుతూ కూడా చెప్పి పోయారు కదా. ఏడో తరగతితో బడి మానేసిన దాన్ని. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో టీచరు పరీక్షల పిల్లలకు వ్యాకరణం చెప్పిన మీకు ఉత్తరం రాయాలంటే నాకు కూడా పరీక్ష రాసినట్టే ఉంది. తప్పులుంటే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పంపండి. నేనేం బాధపడను. కొంచెం పడతా, అయినా పంపండి.

ముందు ఇంటి సంగతి. మీ కూతురు అలేఖ్య మంచిగా ఉంది. మీ అల్లుడు, అంటే మా మహేష్, సెలవు దొరికితే పొద్దున పదింటి దాకా పండుతాడు. మా ఇంటాయన ఎప్పటిలాగే ఎల్బీ నగర్ షెడ్డులో లారీల కింద దూరి ఉంటాడు. అన్నం తినమని పిలిస్తే లారీ కింది నుంచి కాళ్ళు ఊపుతాడు, అదే జవాబు. మీ ఇంటి కింది వాటాలో కిరాయికున్న సీతారాములు, ఆయన భార్య, పిల్లలు బాగున్నారు. మీ పైవాటా వారానికోసారి తెరిచి ఊడిపిస్తున్నా. మీ అక్కయ్య హనుమాయమ్మ గారి తుంటి ఎముక అతుక్కుంటున్నదా? ఆమె లేచి నడిచేదాకా మీరూ వదినా అక్కడే ఉండాలంటే మాకిక్కడ ఇల్లు బోసిపోయినట్టే ఉంది.

ఇక కాలనీ సంగతి. చంపాపేట్ మెయిన్ రోడ్డు నుంచి మన దాకా మంచినీళ్ళ పైపుల కోసం తవ్వారు. తవ్వినవాడు పూడ్చడు, పూడ్చేవాడు రాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మనకు చిన్న బస్సు వేయమని, కాలనీ సంఘం పెద్దగా మీరు ఏండ్ల తరబడి రాసిన అర్జీలన్నీ పట్టుకొని డిపోకు పోయాను. అక్కడి సారు మంచివాడే. చదివి, "ఇంత మంచి తెలుగు ఎవరు రాశారమ్మా" అన్నాడు. తెలుగు మంచిదే సారూ, బస్సు సంగతి చెప్పండి అన్నా. రోడ్డు పూడిస్తే చూస్తానన్నాడు.

బస్సు రాకపోతే నాకు వచ్చేసారి ఓట్లు పడవు, అది వేరే మాట. మొదటి బస్సులో ముందు సీటు మీదే అని ఎలక్షన్ల ముందు మీకు మాటిచ్చా. ఆ మాట నిలబడాలని నా పట్టు.

మీ చెల్లెలు,
యాదలక్ష్మి


చీరాల,
24 జూన్ 2011

చెల్లెమ్మ యాదలక్ష్మి గారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. చాలా బాగా రాశారు. మెచ్చుకోలు ముందు చెప్పి తప్పులు తర్వాత చెప్పాలని పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, అందుకని ఆ వరుసలోనే వస్తున్నాను. మీ కాగితాన్నే దిద్ది ఇందులో పెట్టాను. "పండుతాడు" అన్నచోట సున్నా చుట్టాను చూడండి. కాయలు పండుతాయి చెల్లెమ్మా, మనుషులు పడుకుంటారు. మా అల్లుడు సెలవు దొరికినప్పుడల్లా పదింటి దాకా పండుతుంటే ఈపాటికి చెట్టు మీంచి రాలిపోయి ఉండాలి. "కిరాయి" కాదు, అద్దె. "ఏండ్లు" కాదు, ఏళ్ళు. "మంచిగా ఉంది" అనకూడదు, బాగుంది అనాలి. ఇవి మిమ్మల్ని చిన్నబుచ్చడానికి కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. రేపు మీరు మీటింగులో కాగితం చదివితే ఎవరూ నవ్వకూడదని నా తాపత్రయం.

అక్కయ్య కర్ర పట్టుకుని వసారా దాకా వస్తోంది. కాలు నొప్పి పుట్టినప్పుడల్లా నన్ను తిడుతుంది, తిట్టాక నొప్పి తగ్గిందంటుంది. నాకు సగమే వినిపిస్తుంది కాబట్టి ఇద్దరికీ ఇబ్బంది లేదు. మీ వదిన వెంకాయమ్మకు మాత్రం ఇక్కడ తోచడం లేదు. కొత్తపేట మార్కెట్లో మామిడిపళ్ళు ఎలా ఉన్నాయో అడగమంది. పుట్టింది ఇక్కడే అయినా, ఇంటికి ఎప్పుడు వెళ్దామండీ అని అడుగుతోంది. ఇల్లంటే దాని ఉద్దేశం జ్యోతినగరే.

బస్సు విషయం ఒకటి చెబుతాను. రోడ్డు పూడిస్తే చాలదు. కాలనీ చివర బస్సు ఎక్కడ తిరుగుతుందో ముందు చూపించండి. తిరిగే చోటు లేని వీధికి బస్సు ఎవరూ వెయ్యరు. బస్సు వచ్చాక స్టాపు దగ్గర పెట్టే బోర్డు మాట నేను ఎప్పుడో ఆలోచించి పెట్టాను, "బస్సు ఇచ్చట ఆగును". ముందు సీటు నాకు జ్ఞాపకమే. కిటికీ పక్కన ఇప్పించండి, అసలే నాకు వినపడదు, చూడటానికైనా ఉండాలి.

బావగారు రామస్వామి గారికి నా నమస్కారాలు. ఆయన కాళ్ళ జవాబుకు నవ్వుకున్నాం.

మీ అన్నయ్య,
వెంకటేశ్వరరావు


జ్యోతినగర్ కాలనీ,
8 ఆగస్టు 2011

అన్నయ్య గారికి నమస్కారం.

మీ ఎర్ర సున్నాల కాగితం చూసి మా ఇంటాయన, "ఏందే, మీ అన్న బొట్టుబిళ్ళలు పంపిండా?" అన్నాడు. మహేష్ దాన్ని తీసుకుపోయి ఫ్రిజ్ మీద అంటించాడు. ఇప్పుడు వాణ్ణి లేపాలంటే అలేఖ్య "పండింది చాలు, రాలండి" అంటున్నది. నా పరువు మీరు ఇట్లా తీస్తారనుకోలేదు.

అద్దె, ఏళ్ళు, బాగుంది. మూడూ నేర్చుకున్నా. కానీ మొన్న మీటింగులో "మా కాలనీలో అద్దెకు ఉండేవాళ్ళు" అని చదివితే, వెనక కూర్చున్న మా వార్డు ముసలాయన జానయ్య లేచి, "ఏమ్మా, కిరాయి అననీకి నోరొస్తలేదా? గెలిచినంక మారినవ్" అన్నాడు. అందరూ నవ్వారు. మీరు నవ్వకూడదన్నారు, వాళ్ళు నవ్వారు. ఇక నేనెవరి తెలుగు మాట్లాడాలో మీరే చెప్పాలి.

బోనాలు బాగా జరిగాయి. నేనే మొదటి బోనం ఎత్తిన. రోడ్డు గుంతల్లో బోనం ఎత్తుకొని నడవడం అంటే మాటలు కాదు. ఆ గుంతలు చూసి అమ్మవారికే కోపమొచ్చిందో ఏమో, పండుగైన వారం లోపల కాంట్రాక్టరు వచ్చి పూడ్చి పోయాడు. నేను రోజూ పొద్దున్నే ఆయన ఇంటి ముందు కుర్చీ వేసుకొని కూర్చున్న మాట కూడా నిజమే అనుకోండి.

అసలు సంగతి ఇప్పుడు వినండి. మీరన్నట్టు డిపో సారును వెంట పెట్టుకొచ్చి, బస్సు తిరిగే చోటు చూపించా. ఎక్కడనుకున్నారు? మీ ఇంటి మూలమలుపు! డ్రైవరు ఖాళీ బస్సు తెచ్చి, వెనక్కి తీయకుండా ఒక్క తిప్పులో తిప్పాడు. ఆడవాళ్ళందరం చప్పట్లు కొట్టినం. వేదవతి అయితే కొబ్బరికాయ కొట్టబోయింది, ఆగమ్మా, ఇది ఉత్త పరీక్షే అని ఆపిన. మీ ప్రహరీ పక్కన స్టాపు కోసం జాగ పట్టిన. ఇక ఎవడొచ్చి అడ్డం పడ్డా నేను ఇడిచేది లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మా ఇంటాయన నవ్వుతున్నాడు, నవ్వనీయండి.

బతుకమ్మ నాటికి బస్సు మొదలు పెడదామని సారు మాటిచ్చాడు. వదినను బతుకమ్మ పాటలకు గొంతు సవరించుకోమని చెప్పండి. నిరుడు ఆమె పాడుతుంటే మా ఆడోళ్ళు ఆడుడు మరిచి నిలబడ్డరు.

యాదలక్ష్మి


చీరాల,
20 ఆగస్టు 2011

చెల్లెమ్మ గారికి,

రోడ్డు పూడినందుకూ బస్సు తిరిగినందుకూ నాకెంత సంతోషమో చెప్పలేను. ఉత్తరం చదివి వీధిలోకి వెళ్ళి కాసేపు ఊరికే నిలబడి వచ్చాను.

ఒక్క మాట మాత్రం అడగాలి, తప్పుగా అనుకోవద్దు. "జాగ పట్టిన" అన్నారు. పట్టింది ప్రహరీకి బయటా, లోపలా? నేను పైకి చదువుతుంటే అక్కయ్య విని, "అప్పుడే మొదలైందట్రా వెంకటేశ్వర్లూ?" అంది. ఆవిడ మాటకేం గానీ, ఇక్కడ సాయంత్రమైతే చాలు, టీవీలో తెలంగాణ వార్తలు పెట్టుకుని అందరూ మా వసారాలో చేరుతున్నారు. "మీ ఇల్లు అక్కడే కదా మాస్టారూ, ఇంకా అమ్మలేదా?" అని ఒకరు, "పొమ్మంటే ఎక్కడికి పోతారు?" అని ఇంకొకరు. వినపడనట్టు ఊరుకుంటాను. కానీ వెంకాయమ్మకు వినబడుతుంది కదా. రాత్రిళ్ళు సరిగ్గా నిద్రపోవడం లేదు.

మీ మీద నాకు అనుమానం లేదు. మీరు మీ రాష్ట్రం కావాలనడంలో తప్పూ లేదు. సీతారాములు కుటుంబం మా వైపు పిల్లలు, చిన్నవాళ్ళు. వాళ్ళ మంచిచెడ్డలు మీరే చూడాలి. ఈసారి ఎర్ర పెన్ను తియ్యలేదు, సిరా అయిపోయింది.

మీ అన్నయ్య,
వెంకటేశ్వరరావు


జ్యోతినగర్ కాలనీ,
23 సెప్టెంబర్ 2011

అన్నయ్యా,

తొందరలో రాస్తున్నా, తప్పులుంటే ఉండనీయండి. సమ్మె సంగతి టీవీల చూస్తనే ఉన్నరు కద. ఆఫీసులు బంద్, బడులు బంద్, మొన్నటి నుంచి బస్సులు కూడా బంద్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాక రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. బతుకమ్మకు మన బస్సు మొదలు పెడదామనుకుంటే ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టయింది. కార్పొరేటర్‌గా బస్సు కావాలని నేనే అడుగుతా, తెలంగాణ ఆడిదానిగా బస్సు ఆపుడే కరెక్టని సమ్మె టెంట్ల నేనే కూర్చుంటా. "ఒక్క మనిషి రెండు దిక్కుల ఎట్ల కూసుంటవే?" అని మా ఇంటాయన అడిగిండు. నడుము గట్టిగుంటే కూసోవచ్చన్న.

ఎల్బీ నగర్ చౌరస్తాల రోడ్డు మీదనే పొయ్యి పెట్టి వంటావార్పు చేసినం. లారీ డ్రైవర్లు, వకీళ్ళు, టీచర్లు అందరు ఒక్క బంతిల తిన్నరు. పప్పుల ఉప్పు తక్కువైందని అలేఖ్య చెప్పింది. అవును, మీ బిడ్డ కూడా వచ్చింది, గంటె పట్టుకొని వడ్డించింది. మీకు చెప్పొద్దన్నది, చెప్పేసిన.

జాగ సంగతి అడిగిన్రు. గోడ పక్కన అంటే గోడ పక్కన, ఇంకేముంటది? ఆ ముచ్చట తర్వాత.

సీతారాములు వాళ్ళ గురించి ఫికర్ చేయకున్రి. బడులు లేవు, బ్యాంకు తెరుస్తలేరు, పిల్లలు ఇంట్లనే మగ్గుతున్నరు. పండుగ దగ్గరకొచ్చింది. నేనే దగ్గరుండి వాళ్ళను తోలిస్త. మీరూ వదినె మాత్రం ఇప్పుడు ఇటు రావద్దు. తొవ్వలు మంచిగ లేవు. నేను చెప్పేదాక రాకున్రి.

టెంటుకు పోవాలె. ఉంట.

యాదలక్ష్మి


చీరాల,
2 అక్టోబర్ 2011

గౌరవనీయులైన కార్పొరేటర్ శ్రీమతి యాదలక్ష్మి గారికి,

మీ ఉత్తరం చేరింది. ఈసారి దిద్దవలసిన తప్పులేవీ కనిపించలేదు. అన్నీ స్పష్టంగానే ఉన్నాయి.

సీతారాములు వాటాకు తాళం వేసి ఉందనీ, వాళ్ళను సామానుతో సహా మీ జీపులోనే ఎక్కించి పంపించేశారనీ వేదవతి గారు వెంకాయమ్మకు ఫోన్లో చెప్పారు. మీరు రాసిన మాట మీద నిలబడ్డారు. చిన్నపిల్లలున్న కుటుంబం, ఒక్క నెల గడువైనా ఇచ్చి ఉంటే బాగుండేదని మాత్రం అనిపించింది. మమ్మల్నీ రావద్దన్నారు. రాము.

ఇల్లు అమ్మకానికి పెట్టమని బ్రోకరు దశరథకు చెప్పాను. ఇరవై ఏళ్ళు అక్కడున్నాం. వీధికి పేరు పెట్టిన రోజు మీరూ నేనూ కలిసి స్తంభానికి బోర్డు కట్టాం. అది గుర్తొచ్చి ఈ ఉత్తరం రెండుసార్లు చించేశాను. స్టాపుకు జాగా ఎంత కావాలంటే అంత పట్టుకోండి, కొనేవారికి చెబుతాను.

మా అలేఖ్యను మీ ఇంట్లో కూతురిలా చూసుకుంటున్నారు. అందుకు ఎప్పటికీ కృతజ్ఞుణ్ణి.

ఇట్లు,
ఎ. వెంకటేశ్వరరావు


జ్యోతినగర్ కాలనీ,
9 అక్టోబర్ 2011

అన్నా!

ఏంది అన్నా గిది? గౌరవనీయులైన కార్పొరేటరా? శ్రీమతా? నీ బిడ్డను నా కొడుక్కిచ్చినవ్, నా చేతి కల్లుప్పు నుంచి కాకరకాయ కూర దాక తిన్నవ్, ఇప్పుడు నేను నీకు గౌరవనీయురాల్నైన్నా? నేను మీ భాషల రాయ. నా భాషల్నే రాస్త. చదివితే చదువు, లేకుంటే నీ అక్కతోని చదివిచ్చుకో.

దసరా నాడు పొద్దుగాల దశరథ వచ్చి మీ గేటుకు బోర్డు కట్టిండు. "ఈ ఇల్లు అమ్మబడును." జమ్మి ఆకు పట్టుకొని పెద్దల కాళ్ళు మొక్కనీకి పోతున్న దాన్ని, ఆడనే నిలబడ్డ. వదినె రోజు ముగ్గేసే జాగల ఆ బోర్డు నీడ పడుతుంటే చూడలేక, చెప్పు తీసి కొట్టిన. మనిషిని కాదు, బోర్డును. తర్వాత తీగలు తెంపి ఇంటికి తెచ్చి మంచం కింద పడేసిన. దశరథ వచ్చి "కార్పొరేటరమ్మా, గిదేం న్యాయం?" అని ఒర్రిండు. మా అన్న ఇల్లు, మా అన్న బోర్డు, నడుమ నువ్వెవనివన్న.

నేనేం చేసిన్నని? సీతారాములు భార్య పిల్లలను పట్టుకొని ఏడుస్తున్నది, ఊర్ల వాళ్ళమ్మకు పానం మంచిగ లేదట, పోదామంటే బస్సు లేదు, రైళ్ళు ఎప్పుడు ఆగుతయో తెలుస్తలేదు. నేనూ మా ఇంటాయన జీపుల ఎక్కిచ్చుకొని తెల్లారంగ బయలెల్లినం. ముందు సీట్ల నేను, మెడల జై తెలంగాణ కండువ. చౌటుప్పల కాడ, చిట్యాల కాడ పోరగాళ్ళు రోడ్డు మీద కూసొని బండ్లు ఆపుతున్నరు. ఆగిన కాడల్ల దిగి చెప్పిన, "మా అన్నోళ్ళ పిల్లలురా, పండుగకు తోలిస్తున్న, తొవ్వ ఇడువున్రి" అని. ఒక్కడు కూడా అడ్డం రాలే. చిట్యాల కాడ పిల్లలకు అరటిపండ్లు తెచ్చిచ్చిన్రు. కోదాడ దాటిచ్చి, అవతల మీ దిక్కు బస్సుల కూసోబెట్టి, సర్వపిండి మూటకట్టి ఇచ్చి వచ్చిన. సామాను అంటే రెండు సంచులు. దీపావళైనంక మళ్ళొస్తరు. పంపిచ్చేసిన్రని రాస్తివి. అవును పంపిన, తప్పేంది?

ఇక్కడి దాక రాసి, కోపంల పెన్ను ఇసిరి కొట్టి వంటింట్లకు పోయిన. అలేఖ్య నీ ఉత్తరం చదివింది. తర్వాత "అత్తమ్మా, మీరు నాన్నకు ఏం రాసిన్రు? మాట మాట చెప్పున్రి" అన్నది. చెప్పిన. "నేనే దగ్గరుండి వాళ్ళను తోలిస్త" అన్న కాడికి వచ్చేసరికి మూతికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వి నవ్వి ఆడనే కూసొని ఏడ్సింది. "అయ్యో అత్తమ్మా, మా దిక్కు గొడ్లను తోలుతరు. కుక్కలను తోలుతరు. మనుషులను తోలితే తరిమినట్టు" అన్నది. జాగ పట్టుడు అంటే కబ్జా పెట్టినట్టు వినిపిస్తదట.

అన్నా, నేను చెప్తా, జర ఇను. నా పెండ్లప్పుడు మా నాయిన కళ్ళనీళ్ళు పెట్టుకొని మా అత్తతోని "మా బిడ్డను తోలిస్తున్న, కడుపుల పెట్టుకోన్రి" అన్నడు. పండుగకు మా అన్న ఎడ్లబండి కట్టుకొని వచ్చి "చెల్లెను తోల్కపోనీకి వచ్చిన" అంటే, నేను వాకిట్లకు చెప్పులు లేకుండ ఉరికిన. తోల్కపోనీకి మనిషి రాని ఆడిదంటే మా ఊర్ల దిక్కులేనిది. ఆడబిడ్డకు దాన్ని మించిన తీపి మాట లేదు. పానం పెట్టి చూసుకునేటోళ్ళనే తోలిస్తరు, తోల్కొస్తరు. ఎవరినిబడితే వాళ్ళను పంపుతరు, అంతే. జాగ పట్టుడు అంటే బస్సుల సీటు మీద దస్తీ వేసినట్టు. గోడకు బయట, మురికినీళ్ళ మోరి మీద బండ వేసిన కాడ. నీ ఇంట్ల జానెడు నాకెందుకు?

ఒక్క మాటకే నాకు బాధైతున్నది, దాచుకోను. "పండుతాడు"కు సున్నా చుట్టినవ్. "కిరాయి"కి చుట్టినవ్. అవన్నీ నీకు తెలిసిన మాటలే, తెలిసే చుట్టినవ్. తెల్వని మాట ఒక్కటొచ్చింది, దానికి చుట్టకపోతివి. ఒక్క సున్నా చుట్టి "గిదేంది చెల్లే?" అని అడిగితే అయిపోవు కద! టీవీల ఒర్రేటోళ్ళ మాట ఇన్నవ్, వసారాల కూసునేటోళ్ళ మాట ఇన్నవ్, నా మాట నన్ను అడగకపోతివి. మా కొట్లాటంత గిదే అన్నా. మా మాట తప్పని దిద్దుడే గని, దాని అర్థమేందని అడిగినోడు లేడు. మా రాష్ట్రం మాకొస్తే నువ్వు పోవాలని ఎవరన్నరు? నేనన్ననా?

రావద్దన్నది తొవ్వల గురించి. రావొద్దు అంటే మళ్ళ రావొద్దు అని కాదు, మహానుభావా.

ఆ బోర్డు నా మంచం కిందనే ఉంది. వెనక వైపు తెల్లగ, కొత్తగుంది. దాని మీద ఏం రాయిద్దామో నువ్వే చెప్పు. అమ్ముతవా, స్టాపుకు కడుదమా?

నీ చెల్లె,
యాదలక్ష్మి


చీరాల,
20 అక్టోబర్ 2011

చెల్లెమ్మా,

మీ ఉత్తరం నేను చదువుకోలేదు. వెంకాయమ్మ చదివింది, నా చెవి దగ్గర, గట్టిగా, మీరు అరిచినట్టే అరుస్తూ. చెప్పు తీసిన చోట వీధిలో వాళ్ళు కూడా ఆగి విన్నారు. మీ నాన్నగారి మాట దగ్గరికి వచ్చేసరికి కాగితం నా చేతిలో పెట్టి కళ్ళు తుడుచుకుంది, మిగతాది నేను చదువుకున్నాను.

అంతా అయ్యాక, "అలేఖ్య అప్పగింతలప్పుడు ఆవిడ ఈ మాటే అనలేదుటండీ? ‘మీ బిడ్డను తోల్కపోతున్నం వదినె, ఫికర్ చేయకు’ అని నా చెయ్యి పట్టుకుని చెప్పింది. మీరప్పుడు మొహం అదోలా పెట్టుకున్నారు గానీ, నాకైతే ధైర్యం వచ్చింది" అంది. మూడేళ్ళ కిందట విన్న మాట. వాళ్ళమ్మకు అర్థమైంది, వ్యాకరణం చెప్పినవాడికి అర్థం కాలేదు. చెవుడు నా చెవులకే అనుకున్నాను.

నిన్న సీతారాములు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి వెళ్ళాడు. మీరు చిట్యాల దగ్గర రోడ్డు మీద దిగి ఏమన్నారో వాళ్ళ చిన్నది మీ గొంతుతో, మీ చెయ్యి తిప్పుడుతో చేసి చూపించింది. అక్కయ్య కర్ర పక్కన పెట్టి మరీ చప్పట్లు కొట్టింది. ఆపైన నావైపు తిరిగి, "అంత మనిషి అక్కడుంటే ఇల్లమ్ముకుని నా మొహం చూస్తూ కూర్చుంటానంటావేంట్రా, బుద్ధుందా?" అంది. ఇప్పుడు వీధి చివరి దాకా నడుస్తోంది. మమ్మల్ని పొమ్మంటోంది, ఇది మాత్రం నిజంగా తోలెయ్యడమే.

మీరన్న బాధ నాకు తగిలింది. సిరా అయిపోయిందని రాశాను గుర్తుందా? అయిపోలేదు చెల్లెమ్మా. అడగడానికి భయం వేసింది. అడిగితే మీరు అవునంటారేమోనని. మీతో ఆ మాట అనిపించుకోవడం కంటే ఇల్లు అమ్ముకోవడమే తేలికనిపించింది.

దశరథకు వద్దని కబురు పంపాను. బోర్డు స్టాపుకే కట్టించండి. "బస్సు ఇచ్చట ఆగును" అని నేను దాచుకున్న మాట ఇప్పుడు నాకే నచ్చడం లేదు. అలా ఎవరు మాట్లాడతారు? అక్కడ ఎక్కేవాళ్ళు ఎలా అంటారో అలాగే ఉండాలి. "బస్సు ఈడ ఆగుతది" అని రాయించండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. జానయ్యకు ముందు చదివి వినిపించండి, ఆయన ఒప్పుకుంటే నేనూ ఒప్పుకున్నట్టే.

బస్సులు మళ్ళీ తిరుగుతున్నాయని పేపర్లో చూశాం. దీపావళి వెళ్ళిన ఆదివారం పొద్దున ఎల్బీ నగర్‌లో దిగుతాం. మూడు సంచులు, ఒక మామిడి తాండ్ర డబ్బా, వెంకాయమ్మ. ఆటో మాట్లాడుకుని వచ్చేయగలం, దారి తెలియక కాదు. కానీ చౌరస్తాలోనే నిలబడతాం. ఎంతసేపైనా నిలబడతాం. మీరే వచ్చి మమ్మల్ని తోల్కపోండి.

మీ అన్న,
వెంకటేశ్వరరావు